చిట్టి చిలకమ్మ: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగునాట చిట్టి చిలకమ్మంత తరచుగా ప్రశ్నలు వేయించుకునే పక్షి ఇంకొకటి లేదు. ఉయ్యాల దగ్గర, అంగన్‌వాడీలో, నర్సరీ క్లాసులో, అమ్మమ్మతో వీడియో కాల్‌లో, రోజూ అవే అయిదు ప్రశ్నలు. ఒక్కదానికీ ఆవిడ నోరు విప్పదు. ఆవిడ తరఫున చెప్పగలిగినవి, ఆవిడ పాట నేర్పేవాళ్ళు, వేషం కట్టేవాళ్ళు అడిగేవి అన్నీ కలిపి ఇక్కడ ఉన్నాయి.

పాట మొత్తం ఎలా ఉంటుంది?

ఎక్కువ ఇళ్ళలో వినిపించే రూపం ఇది:

చిట్టి చిలకమ్మా
అమ్మ కొట్టిందా
తోటకెళ్ళావా
పండు తెచ్చావా
గూట్లో పెట్టావా
గుటుక్కున మింగావా

మొదటి పంక్తి పిలుపు. మిగిలిన అయిదూ ప్రశ్నలే. దెబ్బ తినడం, తోటకు పోవడం, పండు తేవడం, దాచడం, మింగేయడం... కథ మొత్తం ఈ ఆరు పంక్తుల్లోనే అయిపోతుంది. ‘అలిగింది’ అన్న మాట ఎక్కడా లేకపోయినా అలక కనిపిస్తూనే ఉంటుంది.

‘వెళ్ళావా, తెచ్చావా’ అనాలా? ‘వెళ్ళిందా, తెచ్చిందా’ అనాలా?

రెండూ ఉన్నాయి, రెండూ సరైనవే. ‘కొట్టిందా, వెళ్ళిందా, తెచ్చిందా, పెట్టిందా, మింగిందా’ అంటే అయిదు ప్రశ్నల తోకలూ ఒకేలా కలుస్తాయి, చెవికి బాగుంటుంది. కానీ పండు మింగింది చిలకమ్మా, వాళ్ళమ్మా అన్న అనుమానం మిగిలిపోతుంది. నాలుగేళ్ళ పిల్లలు ఈ అనుమానం తప్పకుండా అడుగుతారు. ‘ఆవా’ రూపంలో ఆ తికమక లేదు. చిలకమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతున్నట్టే ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలకు ఇదే మేలు.

అసలు చిక్కు రెండూ కలిపినప్పుడు వస్తుంది. ఇంట్లో ఒకటి, బడిలో ఇంకొకటి నేర్పితే పిల్లలు మూడో పంక్తి దగ్గర ఆగిపోతారు. నర్సరీలో వేసే ముందు టీచరును ఒక్క మాట అడిగి, ఏదో ఒకదానికి కట్టుబడండి.

ఈ పాట ఎవరు రాశారు?

కర్త పేరు లేదు. అమ్మమ్మల, నాయనమ్మల నోటి మీదుగా వచ్చిన పాట. అందుకే ఊరికొక చిన్న తేడా కనిపిస్తుంది: ఒకచోట ‘గుటుక్కున’, ఇంకోచోట ‘గుటుక్కు’.

ఇన్ని ప్రశ్నలు అడుగుతున్నది ఎవరు?

పాటలో పేరు లేదు కానీ మనిషి మాత్రం తెలిసిపోతుంది. కొట్టిన అమ్మ కాదు. అమ్మ అయితే ‘అమ్మ కొట్టిందా’ అని అడగదు. చిలకమ్మ మొహం చూసి, ఏదో జరిగిందని కనిపెట్టి, దగ్గరకు తీసుకుని అడిగే పెద్దమనిషి. జరిగిందంతా ఆవిడకు ముందే తెలుసు, ప్రశ్నల వరస చూస్తేనే అర్థమవుతుంది. తిట్టడానికి అడిగేవాళ్ళు ‘పండు ఎక్కడిది?’ అని మొదలుపెడతారు. ఈవిడ దెబ్బతో మొదలుపెట్టింది. అంటే ముందే చిలకమ్మ పక్షం చేరిపోయింది.

పాట పాడే గొంతు ఇక్కడి నుంచే రావాలి. గద్దించినట్టు పాడితే పాట చెడిపోతుంది. బుజ్జగింపుగా మొదలై, ‘పండు తెచ్చావా’ దగ్గర కుతూహలం వచ్చి, ‘గుటుక్కున’ దగ్గర నవ్వులోకి తిరగాలి.

‘అమ్మ కొట్టిందా’ అనే పంక్తి మార్చేయాలా?

పిల్లలను కొట్టకూడదు, అందులో రెండో మాట లేదు. అయితే పాట కొట్టడాన్ని మెచ్చుకోవడం లేదు, దెబ్బ తిన్న పిల్లను పలకరిస్తోంది. పంక్తిని ఉంచి, అక్కడ పిల్ల చెంప నిమరడం మంచి పద్ధతి.

ఇంట్లో మార్చాలనే అనుకుంటే లయ చెడకుండా సరిపోయే మాటలు రెండున్నాయి: ‘అమ్మ తిట్టిందా’, ‘అమ్మ పిలిచిందా’. రెండోది మెత్తగా ఉంటుంది కానీ కథలో అలకకు కారణం పోతుంది. ‘అమ్మ ముద్దిచ్చిందా’ అని మార్చేవాళ్ళున్నారు. ప్రేమగానే ఉంటుంది, కానీ రెండు మాత్రలు (పలికే కాలపు కొలత) ఎక్కువై చప్పట తప్పుతుంది. ఎందుకో కింద చూడండి.

రెండేళ్ళ పిల్లకు కూడా అంత తేలిగ్గా నోటికెలా వస్తుంది?

లెక్క వేసి చూస్తే ముచ్చటేస్తుంది. లఘువుకు (పొట్టి అక్షరానికి) ఒక మాత్ర, గురువుకు (దీర్ఘానికి, సున్నా ఉన్న లేదా ఒత్తక్షరానికి ముందున్న అక్షరానికి) రెండు. ప్రతి పంక్తీ రెండు ముక్కలుగా విరుగుతుంది.

చిట్టి (3) చిలకమ్మా (6)
అమ్మ (3) కొట్టిందా (6)
తోట (3) కెళ్ళావా (6)
పండు (3) తెచ్చావా (6)
గూట్లో (4) పెట్టావా (6)
గుటుక్కున (5) మింగావా (6)

వెనక ముక్క ఆరు పంక్తుల్లోనూ ఆరు మాత్రలే, ఎక్కడా కదలదు. ముందు ముక్క నాలుగు పంక్తుల పాటు మూడు దగ్గరే నిలబడి, పండు గూట్లోకి చేరగానే నాలుగవుతుంది, మింగే వేళకు అయిదవుతుంది. పిల్లలు ‘గుటుక్కున’ దగ్గర ఊపిరి బిగబట్టి, గొంతు పెంచి, తర్వాత పకపకా నవ్వడానికి కారణం అర్థంతో పాటు ఈ పెరుగుదల కూడా. ‘గుటుక్కు’ అని పాడే ఇళ్ళలో అది నాలుగు దగ్గరే ఆగుతుంది, ఆ చివరి ఊపు కాస్త తగ్గుతుంది. అందుకే ‘గుటుక్కున’ వైపే మొగ్గు.

చప్పట్లు పంక్తికి రెండు: ముందు ముక్క మొదటి అక్షరం మీద ఒకటి, వెనక ముక్క మొదటి అక్షరం మీద ఒకటి. మూడో పంక్తిలో ‘తో’ మీద, ‘కె’ మీద పడాలి. అక్షరానికొక చప్పట కొడితే పాట పరుగెత్తి, పిల్ల చేతులు వెనకబడతాయి.

నేర్పే పద్ధతి ఏమిటి?

మొదటి పంక్తి నుంచి మొదలుపెట్టి బట్టీ వేయించకండి. తోక నుంచి పట్టుకోవాలి.

ముందు కొన్నాళ్ళు మీరే మొత్తం పాడండి, పిల్ల చప్పట్లు కొడితే చాలు. తర్వాత ‘గుటుక్కున...’ అని ఆగండి. ‘మింగావా’ తనే అందుకుంటుంది. అది కుదిరాక ‘గూట్లో...’ అని ఆగండి, తర్వాత ‘పండు...’. ఇలా చివరి నుంచి మొదటికి వెనక ముక్కలు ఒక్కొక్కటే పిల్లకు వదిలేస్తూ రండి. అన్నీ వచ్చాక ముందు ముక్కలు వదలండి. ఆగినప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు మౌనంగా ఉండాలి. చాలామంది ఒక్క క్షణంలోనే మాట అందించేస్తారు, పిల్లకు నోరు తెరిచే వ్యవధే దొరకదు.

ఇంకో ముఖ్యమైన మెట్టు ఉంది, బడుల్లో దాదాపు ఎక్కడా చేయించరు. పాటంతా ప్రశ్నలే కాబట్టి జవాబులు పిల్లవి. ప్రతి ప్రశ్న తర్వాత పిల్ల ఊకొట్టాలి.

‘అమ్మ కొట్టిందా?’ ‘ఊఁ.’
‘తోటకెళ్ళావా?’ ‘ఊఁ.’
‘పండు తెచ్చావా?’ ‘ఊఁ.’
‘గూట్లో పెట్టావా?’ ‘ఊఁ.’
‘గుటుక్కున మింగావా?’ ‘ఊహూఁ!’

చివరిది ‘ఊహూఁ’ అని నేర్పి చూడండి. పాట నాటకమైపోతుంది. ఇంకా మాటలు రాని పిల్ల కూడా ఇందులో పాత్ర వేయగలదు. రెండో రోజుకే మీరు చిలకమ్మ అవుతారు, ప్రశ్నలు తను అడుగుతుంది. అప్పుడు పాట వచ్చేసినట్టే.

అభినయం ఎలా ఉండాలి?

‘చిట్టి చిలకమ్మా’కు రెండు చేతులూ భుజాల ఎత్తులో రెక్కల్లా ఒక్కసారి ఆడించాలి. ‘అమ్మ కొట్టిందా’కు అరచెయ్యి చెంపకు ఆనించి తల పక్కకు వంచాలి. కొడుతున్నట్టు చెయ్యి ఎత్తించకండి, పక్కనున్న పిల్లకు నిజంగానే తగులుతుంది. ‘తోటకెళ్ళావా’కు ఉన్నచోటే నాలుగు అడుగులు. ‘పండు తెచ్చావా’కు రెండు అరచేతులూ దొప్పలా పట్టాలి. ‘గూట్లో పెట్టావా’కు ఎడమ చెయ్యి నడుము మీద పెడితే మోచేతికీ నడుముకీ మధ్య ఖాళీ గూడవుతుంది, కుడి చెయ్యి అందులోంచి దూర్చాలి. ‘గుటుక్కున’ దగ్గర గడ్డం పైకెత్తి, ‘మింగావా’కు పొట్ట నిమరాలి.

గూడు కోసం తల పైన చేతులు కలిపించడం కనిపిస్తుంది. చేతులు అంత పైకి వెళ్ళి పొట్ట దగ్గరకు దిగేలోపు చివరి పంక్తి అయిపోతుంది. నడుము దగ్గర గూడు కడితే దారి దగ్గర.

విదేశంలో పెరిగే పిల్లలకు ‘ట’ పలకదు. ఈ పాట సాయపడుతుందా?

ఇంతకన్నా మంచి సాధన దొరకదు. చిట్టి, కొట్టిందా, తోట, పండు, గూట్లో, పెట్టావా, గుటుక్కున. ఆరు పంక్తుల్లో ‘ట’ గానీ ‘డ’ గానీ లేని పంక్తి లేదు. పైగా మూడో దాంట్లో ‘ళ్ళ’ ఉంది. ఇంగ్లిష్ వాతావరణంలో పెరిగే పిల్లల నాలుక కొస పళ్ళ వెనక చిగురు దగ్గరే ఆగుతుంది. మన ‘ట’కు అది ఇంకా వెనక్కి మడత పడి అంగిలిని తాకాలి. ముందు ‘గుటుక్’ ఒక్కటే పదిసార్లు శబ్దంలా చేయించండి. నాలుకకు చోటు తెలిశాక పాటలోకి వెళ్ళండి. ‘గుతుక్కున’ అన్నప్పుడల్లా ఆపి దిద్దితే పాడటమే మానేస్తారు. మీరు సరిగ్గా పాడుతూ ఉండండి, చెవి దిద్దుతుంది.

లండన్ తెలుగువాళ్ళకు ఇంకో అదృష్టం ఉంది. మన రామచిలుకలే అక్కడ అడవి పక్షులుగా స్థిరపడ్డాయి. రిచ్‌మండ్ పార్కులో, కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో గుంపులుగా కనిపిస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్ నగరాల్లో, కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో కూడా ఉన్నాయి. పాట పాడుతూ వేలు పెట్టి చూపించడానికి సాక్షాత్తూ చిలకమ్మే దొరుకుతుంది.

ఆ పండు ఏ పండు?

పాట చెప్పలేదు. మన ఇళ్ళలో ఊహించుకునేది జామ. చిలక కొరికిన జామకాయ తియ్యన అని పిల్లలు ఏరుకునేది ఊరికే కాదు. పక్వానికి వచ్చినదాన్నే చిలకలు ఎక్కువగా వెతుక్కుంటాయి. అయితే పక్షి ఎంగిలి పడిన కాయను తినకపోవడమే మంచిది. గాటున్న చోట కుళ్ళు త్వరగా పడుతుంది, రోగక్రిములు చేరే దారి కూడా అదే.

వేదిక మీద చేతికి ఇవ్వడానికి చిన్న జామకాయ సరిపోతుంది. మామిడిపండు బరువు, జారుతుంది, బట్టలకు మరకలవుతాయి. ద్రాక్ష, రేగు అస్సలు వద్దు. ‘గుటుక్కున’ అనగానే పిల్ల నిజంగా మింగబోతే గొంతుకు అడ్డం పడతాయి. పిల్లకు మూడేళ్ళు నిండకపోతే గుడ్డతో కుట్టిన పండు ఇవ్వండి.

చిలక నిజంగా గుటుక్కున మింగుతుందా?

మింగదు. చిలకంత తీరిగ్గా తినే పక్షి అరుదు. పండును ఒక కాలితో పట్టుకుని, నోటి దగ్గరకు ఎత్తుకుని, ముక్కుతో కొద్దికొద్దిగా గీరి తింటుంది. దాని కాలికి రెండు వేళ్ళు ముందుకు, రెండు వెనక్కి ఉంటాయి, అందుకే చేత్తో పట్టుకున్నంత పట్టు. చాలాసార్లు గింజల కోసం గుజ్జు కింద పారేస్తుంది. చిలకలు వాలిన జామచెట్టు కింద సగం సగం కొరికిన కాయలు పరుచుకుని ఉండేది ఇందుకే. గుటుక్కున మింగే చిలకమ్మ, కాబట్టి, పక్షి వేషంలో ఉన్న చంటిపిల్లే.

గూట్లో పండు దాచుకుంటుందా?

రామచిలుక పుల్లలతో గూడు కట్టదు. చెట్టు తొర్రలో, పాత గోడల కన్నాల్లో కాపురం పెడుతుంది, అక్కడ తిండి నిలవ చేయదు. దక్షిణాదిన గుడ్లు పెట్టే కాలం సుమారుగా డిసెంబరు చివర మొదలై వేసవి దాకా సాగుతుంది. మామూలుగా నాలుగు గుడ్లు. పొదగడానికి మూడు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో ఆరేడు వారాలు. తల్లీ తండ్రీ తిన్న తిండిని కక్కి పిల్లల నోట్లో పెడతాయి.

మరి పాటలో గూడు? పాత మట్టి ఇళ్ళలో గోడలోనే చిన్న గూళ్ళు వదిలేవారు, దీపం, దువ్వెన, పిల్లలకు అందకూడని తినుబండారం అందులోనే. ఇల్లు, అమ్మ, తోట ఉన్న ఈ కథకు ఆ గోడగూడే బాగా నప్పుతుంది. పాటకు బొమ్మలు గీసేటప్పుడు గడ్డి గూడు గీయకండి, అది పిచ్చుకదో గిజిగాడిదో అవుతుంది. తొర్ర గీయండి, లేదా గోడగూడు గీయండి.

మిరపకాయ కొరికితే చిలకకు కారం తగలదా?

తగలదు. మనకు మంట పుట్టించే పదార్థం పక్షుల నాడులకు అంటదు. వేషం కట్టిన పిల్ల చేతికి మాత్రం నిజం మిరపకాయ ఇవ్వకండి, చెయ్యి కళ్ళలోకి వెళ్తుంది.

చిలకమ్మ మెడకు ఎర్రని హారం ఉండాలా?

ఉండకూడదు! ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. రామచిలుకల్లో గులాబీ రంగు హారం, గడ్డం కింద నల్లగీత పెద్దయిన మగపక్షికే ఉంటాయి. ఆడపక్షికి మెడ అంతా పచ్చనే. పిల్ల చిలకలకు మగవాటికైనా హారం ఉండదు, ఏడాదిన్నర దాటాక రావడం మొదలవుతుంది. మనది ‘చిట్టి’, పైగా ‘అమ్మ’. రెండు విధాలా హారానికి చోటు లేదు. మగపిల్లవాడు చిలకరాజు వేషం వేస్తే హారం పెట్టండి.

మిగతా రంగులు ఇవీ: ఒళ్ళంతా లేత ఆకుపచ్చ, పై ముక్కు ఎరుపు, కింది ముక్కు నలుపు, కంటి చుట్టూ సన్నని ఎర్రటి అంచు, తోక మీద నీలి ఛాయ, కొసన పసుపు. కొలిస్తే పక్షి సుమారు 40 సెం.మీ., అందులో సగానికి పైగా తోకే. భుజం మీద ముదురు ఎర్రమచ్చ ఉంటే అది ఇంకా పెద్ద జాతి చిలక.

వేషం ఇంట్లో కుట్టాలంటే ఏం కావాలి?

సుమారు మీటరు ఎత్తున్న నాలుగేళ్ళ పిల్లకు లెక్క ఇది. లేత ఆకుపచ్చ నూలు గుడ్డ అర మీటరు (రెక్కల అడుగుకు), మీటరు పన్నా ఉన్న ఆకుపచ్చ ఫెల్ట్ అర మీటరు (ఈకలకు), ఎరుపు, నలుపు, పసుపు ఫెల్ట్ ఒక్కో చిన్న షీటు, మెత్తని నూలు టోపీ ఒకటి, గుప్పెడు దూది, రెండు సెం.మీ. వెడల్పు ఎలాస్టిక్ ఒక మీటరు, వెల్క్రో పది సెం.మీ. లోపలికి ఉన్న ఆకుపచ్చ టీషర్టు, లెగ్గింగ్ చాలు.

రెక్కలు: పిల్ల చేతులు చాపితే మణికట్టు నుంచి మణికట్టుకు సుమారు 80 సెం.మీ. వస్తుంది. ఆ కొలతతో అర్ధచంద్రాకారంగా గుడ్డ కత్తిరించండి, మధ్యలో లోతు 40 సెం.మీ. తిన్నని అంచు చేతుల వెంబడి, గుండ్రని అంచు కిందికి. ఈకలు 6 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. పొడవు, కింద గుండ్రంగా. కింది అంచు నుంచి పైకి, వరసకూ వరసకూ 7 సెం.మీ. ఎడంతో అయిదు వరసలు: 21, 17, 14, 10, 6. మొత్తం 68 ఈకలు. తప్పనిసరిగా కింది వరసే ముందు కుట్టాలి. పెంకుటింటి మీద పెంకులు పరిచినట్టు పై వరస కింది వరస కుట్టును కప్పుతుంది. పై నుంచి మొదలుపెడితే ప్రతి కుట్టూ బయటికి కనిపిస్తుంది, విప్పి మళ్ళీ కుట్టాల్సిందే. రెండు కొసలకూ మణికట్టు పట్టేలా ఎలాస్టిక్ ఉంగరాలు, మెడ దగ్గర వెల్క్రో.

తోక: మూడు పట్టీలు, మధ్యది 30 సెం.మీ., పక్కవి 22. కొసలకు పసుపు. నడుముకు ఎలాస్టిక్‌తో కట్టండి. మోకాలి మడత దాటితే పిల్ల తన తోకే తొక్కుతుంది.

ముక్కు: మొహానికి కాదు, టోపీ ముందు అంచుకు. ఎర్ర ఫెల్ట్ రెండు ముక్కలు వంకీ తిరిగేలా 7 సెం.మీ. పొడవున కత్తిరించి, అంచులు కుట్టి దూది కూరండి. దాని కింద నల్లది 3 సెం.మీ. కళ్ళు టోపీ పక్కలకు.

వేషాల్లో ఎక్కువగా ఏం చెడుతుంది?

మొహానికి కట్టే ముక్కు మొదటి శత్రువు. చెమట పడుతుంది, జారుతుంది, పాట వినిపించదు, పిల్ల ఏడుస్తుంది. పోటీల్లో సగం కన్నీళ్ళు దీనివల్లే.

రెండోది అట్టతో చేసిన రెక్కలు. దూరం నుంచి బాగుంటాయి, కానీ తలుపు దగ్గర ఇరుక్కుంటాయి, కూర్చోనివ్వవు. మన జనవరి వేడుకల్లో, ఫిబ్రవరి వార్షికోత్సవాల్లో పిల్లలు వంతు కోసం గంటల తరబడి కూర్చోవాలి. ఫెవికాల్‌తో అతికించి అదే రోజు తొడిగితే ఈకలు రాలతాయి. ఒక రాత్రంతా ఆరనివ్వాలి, కుట్టడం ఇంకా నయం. భుజాల దగ్గర పిన్నీసులు పెట్టకండి. మొహానికి ఆకుపచ్చ రంగు పూసేముందు రోజు మోచేతి లోపల చిన్న చుక్క పెట్టి దద్దురు వస్తుందేమో చూడండి. వాటర్ కలర్, పోస్టర్ కలర్ చర్మానికి పనికిరావు.

టాయిలెట్‌కు వెళ్ళాల్సి వస్తే తోక, రెక్కలు అర నిమిషంలో విప్పగలగాలి. ఇంట్లో ఒకసారి విప్పి తొడిగి చూసుకోండి.

వేదిక మీద పావు నిమిషంలోనే పాట అయిపోతుంది. ఏం చేయాలి?

రెండుసార్లు పాడించండి: ఒకసారి ఉత్త పాటగా, రెండోసారి తెర వెనక నుంచి మీరు అడుగుతుంటే పిల్ల ఊకొడుతూ. అర నిమిషం దాటుతుంది. పిల్ల బిగుసుకుపోతే పంక్తి అందించకండి. మొదటి పంక్తి ముందు ముక్క ఒక్కటే, ‘చిట్టి...’ అనండి. చేతులు వాటంతట అవే లేస్తాయి, వాటి వెంట మాట వస్తుంది.

ఉయ్యాలకు చిలకలు కట్టొచ్చా?

గుడ్డ చిలకలు అందంగా ఉంటాయి. ఒక్కోదానికి 15 సెం.మీ. పొడవున్న రెండు గుడ్డ ముక్కలు, గుప్పెడు దూది చాలు. కళ్ళు దారంతో కుట్టండి, గుండీలు, పూసలు వద్దు, ఊడితే నోట్లోకే వెళ్తాయి. పిల్ల చెయ్యి చాపినా అందనంత ఎత్తులో కట్టాలి. పిల్ల లేచి కూర్చోవడం మొదలుపెట్టిన రోజు విప్పేయాలి, వేలాడే తాడు మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది.

కొనాలనుకుంటే: కొండపల్లి చిలకలు తేలికైన తెల్లపొణికి కర్రతో, ముక్కలు అతికించి చేసినవి. కొలువులో పెట్టుకోవడానికే తప్ప నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు కాదు. ఏటికొప్పాక బొమ్మలు అంకుడు కర్రను లేత్ యంత్రం మీద తిప్పి చెక్కి లక్కరంగు వేసినవి, నున్నగా ఉంటాయి. సహజ రంగులు వేసినవేనా అని అడిగి తీసుకోండి.

నిజం చిలకను పెంచుకోవచ్చా?

కూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలకలను పట్టడం, అమ్మడం, పంజరంలో పెట్టడం నేరం. జోస్యం చెప్పే చిలకకూ ఇదే వర్తిస్తుంది. సంతలో కొని వదిలేయడం పుణ్యమనుకోకండి, కొన్న ప్రతి చిలకకు బదులు ఇంకొకటి పట్టుకొస్తారు. జామచెట్టు నాటండి, ఎండిన చెట్టుకు తొర్ర ఉంటే, మీద పడే ప్రమాదం లేకపోతే, కొట్టించకండి. ఆవిడే వస్తుంది.

తొర్రలోంచి చిలక పిల్ల కింద పడితే?

ఈకలు వచ్చి, గట్టిగా అరుస్తూ ఉంటే పిల్లులకు అందని కొమ్మ మీద పెట్టి దూరంగా జరగండి, తల్లిదండ్రులు వస్తాయి. మనిషి ముట్టుకుంటే తల్లి చేరనివ్వదన్నది అపోహ. ఈకలు లేని పసిగుడ్డు అయితే, తొర్ర అందితే తిరిగి పెట్టండి. అందకపోతే గాలి కన్నాలున్న అట్టపెట్టెలో మెత్తని గుడ్డ వేసి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచి అటవీశాఖకు చెప్పండి. పాలు పట్టకండి, నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది.

చిలకమ్మ ఏ రాష్ట్రానిది?

పాట తెలుగువాళ్ళందరిదీ. పక్షి లెక్కన చూస్తే 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను రాష్ట్ర పక్షిగా ప్రకటించింది. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట.

పాటకు కొత్త పంక్తులు కట్టొచ్చా?

తప్పకుండా కట్టాలి. వెనక ముక్క ఆరు మాత్రలు, ముందు ముక్క మూడు, చివరి రెండు పంక్తుల్లో నాలుగు, అయిదు. ఈ ఒక్క కొలత పాటిస్తే చాలు. పొద్దున పూట బడికి తయారుచేసేటప్పుడు ఇలా:

చిట్టి చిలకమ్మా
నిద్ర లేచావా
పళ్ళు తోమావా
నీళ్ళు పోశావా
అన్నం తిన్నావా
చటుక్కున వచ్చావా

‘నీళ్ళు’ చోట ‘జడలు’ పెట్టి ‘జడలు వేశావా’ అన్నా లెక్క తప్పదు, మూడు లఘువులు మూడు మాత్రలే. ‘స్నానం’ నాలుగు మాత్రలు, కాబట్టి అయిదో పంక్తిలోకి వెళ్ళాలి. ‘హోంవర్కు’ అయిదు. మూడు మాత్రల చోట పెడితే కుంటుతుంది, చివరి పంక్తిలో మాత్రం కొలిచినట్టు ఇమిడిపోతుంది: ‘హోంవర్కు మింగావా?’